లైప్‌జిగ్ జనాభా 2000లో ఎందుకు ఎగబాకింది?

తూర్పు జర్మనీ నగరం లైప్‌జిగ్ జనాభా పట్టిక వేస్తూ, 1998లో సుమారు 4.37 లక్షలున్నది 2000 నాటికి 4.93 లక్షలు ఎలా అయింది, నగరం వదిలి వెళ్లిపోయినవారు రెండేళ్లలోనే తిరిగి వచ్చేశారా అని అడిగారు. రాలేదండి. కదిలింది జనం కాదు, నగరం హద్దు. 1999, 2000 సంవత్సరాల్లో ఎంగెల్స్‌డోర్ఫ్, హోల్ట్స్‌హౌజెన్, మోల్కావు వంటి శివారు గ్రామాలను నగరంలో కలిపేశారు. పక్కనే ఉన్న మార్క్‌క్లేబెర్గ్ మాత్రం విడిగానే ఉండిపోయింది.

ఆ గ్రామాలకు వెళ్లినవారిలో చాలామంది లైప్‌జిగ్ వాళ్లే, అసలు విషయం అక్కడుంది. 1990లో రెండు జర్మనీలు ఒకటైన తరువాత నగరంలోని పాత ఇళ్లు యాజమాన్య వివాదాల్లో చిక్కుకున్నాయి. అంతకుముందు తూర్పు జర్మనీని ఏలిన సోషలిస్టు ప్రభుత్వం తీసుకున్న ఇల్లు ఎవరికి తిరిగి చెందాలో తేలేదాకా పైకప్పు కారుతున్నా బాగుచేసే నాథుడు లేడు. శివారు పొలాల్లో ఆ తగాదా లేదు, పైగా కొత్త కట్టడాలకు పన్ను రాయితీలు. జనం అటు నడిచారు. ఉద్యోగాలు పోయినవారు పశ్చిమ జర్మనీకి వెళ్లారు. ఇవి రెండూ వేర్వేరు వలసలు, దయచేసి పట్టికలో ఒకే గడిలో వేయకండి. జననాలూ మరచిపోవద్దు: తూర్పు జర్మనీలో అయిదేళ్లలో అవి సగానికి పైగా పడిపోయాయి.

మీ పట్టికను 2000 నాటి హద్దులతో వెనక్కి సవరించండి, అంటే 1989 అంకెకూ ఆ గ్రామాల జనాభా కలపండి. అప్పుడు ఆ ఎగుడు మాయమవుతుంది. తరువాత జనన మరణాల తేడా, శివారు వలస, దూర వలస అని మూడు వరుసలు పెట్టండి. 2010 తరువాతి పెరుగుదల మాత్రం నిజమైనదే.