ఐక్యూ కాగితం ఒక్కటీ పట్టుకెళ్ళి స్కూల్లో ఇచ్చెయ్యకండి

మూడో క్లాసు చదివే మీ బాబుని స్కూల్లో "స్లో" అంటున్నారని, తెలివి కొలిచే ఐక్యూ టెస్ట్ చేయించి కాగితం తెమ్మన్నారని, ఆ ఒక్కదాంతో తేలిపోతుందా అని అడిగేరు కదండీ. తేలదండి. మేం అలాగే తేల్చేసుకుని ఏడాది పోగొట్టుకున్నాం.

మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. మావోడు కొబ్బరి దింపు రోజున వాళ్ళ తాతగారి పక్కన నిలబడి ఎన్ని వందల కాయలయ్యేయో, ఎంత డబ్బు రావాలో నోటితో గబగబా చెప్పేసేవాడు, అదే పుస్తకంలో వెయ్యరా అంటే 71 బదులు 17 వేసేవాడు. వత్తులు ఎగిరిపోయేవి, "అమ్మమ్మ"ని "అమమ" అని రాసి, ఏం రాసేవురా చదువు అంటే చక్కగా "అమ్మమ్మ" అనేవాడు. మా అత్తగారు గాలి సోకిందని తాయెత్తు కట్టించేరు, మా ఆయన బద్ధకం అన్నారు, నేను రెండూ నమ్మేను లెండి.

స్కూలువాళ్ళు చెప్పిన చోటికి తీసుకెళ్తే అరగంటలో అయిపోయింది, ప్రశ్నలన్నీ ఇంగ్లీషులోనే, 76 వేసి బోర్డర్‌లైన్, అంటే తెలివి మామూలుకన్నా కాస్త తక్కువ అని రాసిచ్చేరు. మావోడు దేనికైనా "తెలీదు మేడం" అన్నాట్ట. జవాబు తెలీదా ప్రశ్నే అర్థం కాలేదా అని చూసినవాళ్ళు లేరు. ఆ కాగితం పట్టుకెళ్ళి ఇచ్చేక వాణ్ణి వెనక బెంచీలో పడేసేరు, అంతే సంగతులు.

మరుసటి ఏడాది జ్వరమొచ్చి వెళ్తే పిల్లల డాక్టరుగారు ఆ కాగితం చూసి, ముందు చెవులూ కళ్ళూ టెస్ట్ చేయించమన్నారు, అవి బాగానే ఉన్నాయి, అప్పుడు కాకినాడలో ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికి పంపేరు. యానాం మీదుగా బస్సులో మూడుసార్లు తిరిగేం. మొదటిరోజు వాడి జోలికే పోలేదు, గంటసేపు మమ్మల్నే అడిగేరు, పుట్టగానే ఏడ్చేడా, ఎన్నో నెల్లో నడిచేడు, మాటలెప్పుడొచ్చేయి, ఇంట్లో ఇంకెవరికైనా చదవడం రాయడం ఇలాగే ఇబ్బందయ్యిందా అని. ఆ చివరిదానికి మా ఆయన కిందకి చూస్తూ "నాకేనండి, అందుకే టెన్త్‌తో మానేసేను" అన్నారు. పెళ్ళయి 12 ఏళ్ళు, నాతో ఎప్పుడూ అన్లేదు ఆ మాట.

తర్వాత రెండుసార్లూ టెస్టులు, తెలుగులోనే. మాలిన్ స్కేల్ అని ఐక్యూది ఒకటి, నిమ్హాన్స్ బ్యాటరీ అని, బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రివాళ్ళు తయారుచేసిన టెస్టుల కట్టలెండి, చదవడం, రాయడం, లెక్కలు విడివిడిగా చూసేది ఇంకోటి. ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం, అదేమోనని నాకో ఫారం, క్లాసు టీచరుకో ఫారం ఇచ్చేరు, అది ఇంట్లోనూ స్కూల్లోనూ రెండుచోట్లా కనబడాలంట, ఒకచోట అల్లరి చేస్తే లెక్కలోకి రాదంట. మావోడికి అది లేదన్నారు. ఐక్యూ 101 వచ్చింది, అంటే అందరిలాగే మామూలే. వాడేం ఏడాదిలో తెలివైపోలేదండి, అడిగిన భాషా అడిగిన పద్ధతీ మారేయి, అంతే. తేలిందేంటంటే స్పెసిఫిక్ లెర్నింగ్ డిజేబిలిటీ, తెలివి బాగానే ఉన్నా చదవడం రాయడం దగ్గరే ఇబ్బంది, జనం డిస్లెక్సియా అంటారే, ఆ బాపతు.

పేరు పడిపోద్దని భయపడుతున్నట్టున్నారు. మావోడికి "మొద్దు" అనే పేరు ఎప్పుడో పడిపోయింది, ఈ పేరైతే కనీసం పనికొస్తుంది. 2016 వికలాంగుల చట్టంలో ఉన్న 21 రకాల వైకల్యాల్లో ఇదొకటి, ప్రభుత్వాసుపత్రి మెడికల్ బోర్డు సర్టిఫికెట్ ఉంటే పరీక్షల్లో ఎక్స్‌ట్రా టైం అడగొచ్చు. ప్రైవేటు రిపోర్టు ఒక్కటీ దానికి సరిపోదు, అది గుర్తెట్టుకోండి.

వెళ్ళేటప్పుడు వాడి నోటుబుక్కులు, ప్రోగ్రెస్ కార్డులు, పుట్టినప్పటి ఫైలు సంచిలో వేసుకోండి, అన్నీ అడుగుతారు. ముందురోజు ఇంట్లో ప్రాక్టీసులు చేయించకండి. మీది పాలకొల్లు అన్నారు కదా, దూరమే, అయినా పొద్దున్న టైమే అడిగి తీసుకోండి. మావోడు మధ్యాహ్నం భోజనమయ్యేక మళ్ళీ అన్నిటికీ "తెలీదు మేడం" మొదలెట్టేడు, ఆ సైకాలజిస్టుగారే నవ్వి, మిగతాది ఇంకోరోజు చూద్దాం పట్టుకెళ్ళండి అన్నారు.