ఈఎంఐలో ఓవెన్ కొంటే వంటింటి ఖర్చు తగ్గుతుందా?

ప్రశ్న: మాది వరంగల్. మావారు మోటారు విడిభాగాల దుకాణంలో పనిచేస్తారు, నేను ఇంట్లో బట్టలు కుడతాను. ఇద్దరికీ కలిపి నెలకు 16,500 రూపాయలు వస్తాయి. ఇద్దరు పిల్లలు. రేషన్ కార్డు ఉంది. తిండికి నెలకు 7,400 అవుతోంది. అందులో కిరాణా 2,800, పాలు 900, కూరగాయలు, గుడ్లు 1,400 పోగా, మిగిలిన 2,300 బయటి టిఫిన్లకూ కర్రీ పాయింటుకూ బేకరీకీ పోతోంది. 5,400 రూపాయల ఓటీజీని (కరెంటుతో నడిచే చిన్న ఓవెన్) నెలకు 900 చొప్పున ఆరు వాయిదాల్లో, వడ్డీ లేకుండా ఇస్తామంటున్నారు. కేకులు, బిస్కెట్లు ఇంట్లోనే చేసుకుంటే ఖర్చు తగ్గుతుందనీ, కుదిరితే నాలుగు కేకులు అమ్మవచ్చనీ ఆశ. కొనమంటారా?

జవాబు: ఇప్పుడు వద్దు. ఇంట్లో వండుకోవడం వల్ల మీకు డబ్బు మిగులుతుందన్న మాట నిజమే కానీ, ఆ మిగులు ఓవెన్‌లో లేదు.

మీరు పంపిన నెల లెక్కలో బయటి తిండి 2,300ను విడదీసి చూస్తే, ఎనిమిది ఉదయాల టిఫిన్‌కు 960, తొమ్మిది రాత్రుల కూరలకు 540, బేకరీకి 800 తేలాయి. ఓవెన్ తగ్గించగలిగేది ఈ చివరి 800ను మాత్రమే. మైదా, చక్కెర, గుడ్లు, నూనె మీరే కొనాలి కాబట్టి, పిల్లలు బేకరీ వైపు చూడటమే మానేసినా నెలకు మిగిలేది 400కు మించదు. వడ్డీ లేని వాయిదా అన్నారు గానీ, మీరు పంపిన కాగితంలో 199 రూపాయల ప్రాసెసింగ్ ఫీజు, దానిపైన 18 శాతం జీఎస్టీ ఉన్నాయి. అంటే మొత్తం 5,635 అవుతుంది, అది తిరిగి రావడానికి పద్నాలుగు నెలలు పడుతుంది. ఈలోగా మొదటి ఆరు నెలలూ నెలకు 400 మిగుల్చుకోవడానికి 900 కడుతూ ఉంటారు. మా ఇంట్లో ఎంతో మోజుపడి కొన్న ఓవెన్ ఇప్పుడు పచ్చడి సీసాలు పెట్టుకునే అరగా ఉపయోగపడుతోందని కూడా చెప్పుకోవాలి.

దీనికన్నా నన్ను ఎక్కువ ఆపింది మీ కరెంటు బిల్లు. నెలకు 200 యూనిట్ల దాకా కరెంటు ఉచితంగా ఇచ్చే గృహజ్యోతి పథకం కింద మీకు సున్నా బిల్లు వస్తోంది, అయితే మే నెలలో వాడకం 192 యూనిట్లు ఉంది. ఓటీజీని వేడెక్కించడం దగ్గర నుంచి కేకు దించేదాకా గంటసేపు వాడితే సుమారు ఒక యూనిట్ ఖర్చవుతుంది. వారానికి రెండు మూడుసార్లు వాడితే వేసవిలో 200 దాటుతారు. దాటిన నెలలో పైనున్న ఒకటి రెండు యూనిట్లకే కాదు, మొత్తానికీ బిల్లు కట్టాలి. అది వెయ్యి రూపాయలకు పైమాటే.

ఇక అసలు డబ్బు ఎక్కడ పోతోందో చూద్దాం. ఆ ఎనిమిది ఉదయాలూ ఎప్పుడు వచ్చాయో తేదీల వారీగా చూశాను. మూడు, మీరు రాత్రి పొద్దుపోయేదాకా బ్లౌజులు కుట్టిన మర్నాడు. మిగిలిన అయిదూ నెల చివరి పది రోజుల్లో, ఇంట్లో సరుకులు నిండుకున్నప్పుడు. అంటే మీకు వంట చేతకాక కాదు, ఓపిక లేని రోజున పిండి సిద్ధంగా లేక, డబ్బు లేని రోజున సరుకు లేక బయటికి వెళుతున్నారు. ఒక పావుకిలో మినపగుళ్లు, అరకిలో ఇడ్లీ రవ్వకు మీ చీటీలోని ధరల ప్రకారం 60 రూపాయలు అవుతుంది. దాంతో ముప్పై దాకా ఇడ్లీలు వస్తాయి, అంటే నలుగురికి రెండు పూటలు. పల్లీ చట్నీకి పూటకు 15 వేసుకున్నా, ఉదయానికి 45 పడుతుంది. బయట అదే టిఫిన్‌కు మీరు 120 ఇస్తున్నారు. ఆదివారం, బుధవారం పిండి రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే, ఎనిమిదింటిలో ఆరు ఉదయాలైనా ఇంట్లో గడుస్తాయి, 450 మిగులుతుంది. మిగతా రెండు రోజులూ నిస్సంకోచంగా హోటల్ నుంచి తెప్పించుకోండి. రాత్రి కూరల్లో తొమ్మిదిని నాలుగుకు తగ్గిస్తే మరో 175 వరకు కలుస్తుంది.

సాయంత్రపు చిరుతిండికి మీ చేతిలో ఉన్నది రేషన్ సన్నబియ్యం. 2025 ఏప్రిల్ నుంచి మనిషికి ఆరు కిలోల చొప్పున మీ ఇంటికి నెలకు 24 కిలోలు వస్తున్నాయి, నాలుగైదు కిలోలు మిగులుతున్నాయని రాశారు. రెండు కిలోలు గిర్నీలో పట్టించండి. నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారం, ఉల్లిగడ్డ కలిపి గిన్నె అడుగున అద్ది, వేళ్లతో గుంటలు చేసి నూనె పోసి మూత పెట్టే సర్వపిండి వరంగల్ ఆడపడుచుకు నేను చెప్పవలసింది కాదు. పఫ్‌కు ఇచ్చే డబ్బుతో పోలిస్తే దానికయ్యేది చాలా తక్కువ. కేకు కావాలంటే ప్రెషర్ కుక్కర్ ఉంది. గాస్కెట్, విజిల్ తీసేసి, అడుగున ఉప్పు పరిచి పది నిమిషాలు వేడి చేసి, పిండి గిన్నెను లోపల పెట్టి సన్నని సెగ మీద నలభై నిమిషాలు ఉంచితే సరిపోతుంది. మూడు గుడ్లు, 150 గ్రాముల మైదా, 120 గ్రాముల చక్కెర, కొంచెం పాలు, నూనె, బేకింగ్ పౌడరుతో అరకిలో కేకుకు 60 రూపాయలు అవుతుంది. బేకరీలో 300 పెట్టి కొనే క్రీము కేకుతో దీన్ని పోల్చడం న్యాయం కాదు, రెండూ ఒకటి కావు. పుట్టినరోజుకు పిల్లలు క్రీము కేకే అడిగితే ఏడాదికి రెండుసార్లు కొనిపెట్టండి.

ఇలా టిఫిన్లు, కూరలు, బేకరీ అన్నీ కలిపి నెలకు దాదాపు 1,000 మిగులుతుంది. దీన్ని ఏం చేయాలన్నదే ముఖ్యం, లేకపోతే ఎటు పోయిందో తెలియకుండా పోతుంది. మొదటి రెండు నెలలూ కిరాణా కొట్టులో ఉన్న 1,900 ఉద్దెర తీర్చండి. ఉద్దెర ఉన్నంతకాలం ధర అడిగే నోరు ఉండదు, పావులీటరు నూనె ప్యాకెట్లు మూడుసార్లు తెచ్చుకోవడం తప్పదు. ఖాతా తీరాక జీతం వచ్చిన మర్నాడే కందిపప్పు, నూనె, మినపగుళ్లు నెలకు సరిపడా నగదుతో తెచ్చుకోండి. నెల చివరి ఆ అయిదు ఉదయాల సమస్య చాలావరకు అక్కడే పోతుంది. మూడో నెలలో గ్యాస్ కోసం 1,000 పక్కన పెట్టండి. మహాలక్ష్మి పథకం కింద సిలిండర్ 500కే అయినా, ముందు పూర్తి ధర కట్టాలి, మిగతాది తర్వాత బ్యాంకు ఖాతాలో పడుతుంది. మొన్న ఆ డబ్బుకోసమే చేబదులు తీసుకున్నామని మీరే రాశారు. సబ్సిడీ పడగానే దాన్ని తీసి మళ్లీ ఆ డబ్బులోనే కలపండి.

అమ్మకం విషయానికొస్తే, కుక్కర్ కేకుతోనే మొదలుపెట్టండి. ఇంట్లో చేసి అమ్మినా ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలి, చిన్న వ్యాపారానికి ఫీజు ఏడాదికి 100 రూపాయలే. బ్లౌజులు కుట్టించుకునేవాళ్లలో పదిమంది డబ్బు ముందే ఇచ్చి ఆర్డర్ చేస్తే అప్పుడు ఓవెన్ గురించి ఆలోచించవచ్చు. నాలుగో నెల నుంచి మిగిలేదాన్ని దానికే కేటాయిస్తే ఆరు నెలల్లో నగదుకే వస్తుంది. అప్పుడు కూడా ఏప్రిల్, మే నెలల్లో రీడింగ్ తీసిన తేదీ నుంచి ఇరవయ్యో రోజున మీటరు చూడండి, అప్పటికి వాడకం 130 యూనిట్లు దాటి ఉంటే ఆ నెల కుక్కర్‌లోనే కానివ్వండి.