రిటైల్ మార్కెటింగ్ చదువుకు స్కాలర్‌షిప్‌లు ఎక్కడ వెతకాలి?

రిటైల్ మార్కెటింగ్ చదవాలని ఉంది, స్కాలర్‌షిప్‌లూ గ్రాంట్లూ ఎలా వెతకాలి అని అడిగారు. ముందు కోర్సు పేరు కొట్టి వెతకడం ఆపేయండి. మా తమ్ముడి కోసం నేను నెల రోజులు అదే పని చేశాను. దొరికినవన్నీ 'టాప్ 50 స్కాలర్‌షిప్‌లు' అనే వీడియోలే. వాటిలో సగానికి గడువు ఎప్పుడో అయిపోయింది. మన దగ్గర డబ్బులు కోర్సు పేరు చూసి రావు. కులం, ఆదాయం, మార్కులు, సీటు ఏ కోటాలో వచ్చింది, ఇవే చూస్తారు.

మా నాన్నకు జనగామ దగ్గర ఊళ్లో కిరాణా కొట్టు ఉంది. తమ్ముడు డిగ్రీ సీట్లిచ్చే ఆన్‌లైన్ పోర్టల్ దోస్త్‌లో బీబీఏ రిటైలింగ్ పెట్టుకున్నాడు. బీసీలం, రాష్ట్ర ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇచ్చే ఈపాస్ ఉంది కదా అని ధీమాగా ఉన్నాం. తీరా మీసేవలో ఆదాయం సర్టిఫికెట్ తీస్తే లక్షా ఎనభై వేలని వచ్చింది. తెలంగాణలో బీసీలకు ఈపాస్ పరిమితి పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు. అంటే అదే కొట్టు జనగామ బజారులో ఉంటే తమ్ముడికి ఫీజు వచ్చేది, ఊళ్లో ఉంది కాబట్టి రాలేదు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. బస్సు ఛార్జీలు, హాస్టల్ ఖర్చు పల్లె పిల్లలకే కదా ఎక్కువ!

అప్పుడు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో కేంద్రం ఇచ్చే సెంట్రల్ సెక్టార్ స్కీమ్ చూశాం. దానికి ఆదాయం నాలుగున్నర లక్షల వరకు ఉండొచ్చు. ఇంటర్‌లో మీ గ్రూపులో పాసైనవాళ్లలో పై 20 శాతంలో ఉండాలి. డిగ్రీకి ఏడాదికి 12,000, పీజీకి 20,000 ఇస్తారు. కాకపోతే ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకునేవాళ్లకు ఇది రాదు. రెండింట్లో మీకు ఏది లాభమో లెక్క వేసుకునే అప్లై చేయండి.

తమ్ముడికి వచ్చింది. పోర్టల్‌లో డబ్బులు చెల్లించినట్టు చూపిస్తోంది, ఖాతాలో మాత్రం పైసా లేదు. మూడుసార్లు బ్యాంకుకు తిరిగాడు. నాలుగోసారి నేను కూడా వెళ్లాను. కౌంటర్‌లో ఉన్నావిడ ఆధార్ నంబరు కొట్టి చూసి, "మీ ఆధార్ లింకు వేరే బ్యాంకుకు ఉందమ్మా" అని పేరు చెప్పింది. ఆ బ్యాంకు గడప మేమెప్పుడూ తొక్కలేదు. తమ్ముడు కాసేపు ఆలోచించి, "అక్కా, ఇంటర్‌లో సిమ్ కొన్నప్పుడు షాపాయన రెండుసార్లు వేలిముద్ర పెట్టించుకున్నాడు" అన్నాడు. అదీ సంగతి. ఒక ముద్ర సిమ్‌కు, ఇంకోటి ఫోన్‌లో నడిచే ఖాతాకు. వాడికి ఒక్క ముక్క చెప్పకుండా ఖాతా తెరిచి ఆధార్ కలిపేశారు. ఆధార్ ద్వారా వేసే డబ్బులు మనం ఫారంలో రాసిన ఖాతాకు కాదు, ఆఖరున లింకైన ఖాతాకు పోతాయి. వాడి 12,000 నెలల తరబడి అక్కడే పడి ఉన్నాయి. ఆ మధ్యలో బస్ పాస్ కోసం నాన్న కొట్టు గల్లాలోంచి చిల్లర ఏరి ఇచ్చిన రోజులున్నాయి. వేలిముద్ర పెట్టమన్న చోటల్లా ఎందుకని అడగండి, ఎవరేమనుకున్నా సరే.

ఇక అసలు ఊతమిచ్చింది స్టైపెండ్. బీబీఏ రిటైలింగ్‌లో వారంలో మూడు రోజులు క్లాసులు, మూడు రోజులు షాపులో అప్రెంటిస్ పని. తమ్ముడు ఒక సూపర్‌మార్కెట్‌లో చేశాడు, నెలకు తొమ్మిది వేలు. "సామాన్లు సర్దడానికి డిగ్రీ ఎందుకురా" అన్న చుట్టాలకు నేను గట్టిగానే జవాబు చెప్పాను. ఏ సరుకు ఏ అరలో పెడితే కదులుతుందో, ఎక్స్‌పైరీ దగ్గరపడ్డవి ఎలా ముందుకు తేవాలో వాడు అక్కడే నేర్చుకున్నాడు. షాపులవాళ్లు ఊరికే దయతో ఇవ్వట్లేదు. జాతీయ అప్రెంటిస్‌షిప్ పథకం కింద స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు గరిష్ఠంగా 1,500, కేంద్రమే భరిస్తుంది. కాబట్టి మొహమాటపడకుండా అడగండి. ఊరు వదిలి వెళ్లలేనివాళ్లకు దూరవిద్య యూనివర్సిటీ ఇగ్నోలో కూడా బీబీఏ రిటైలింగ్ ఉంది.

ఎంబీఏ ఆలోచన ఉంటే ప్రవేశ పరీక్ష ఐసెట్ రాసి, ర్యాంకు చూసి కౌన్సెలింగ్‌లో ఇచ్చే కన్వీనర్ కోటాలోనే సీటు తెచ్చుకోండి. మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. "తర్వాత చూసుకుందాం" అని చేర్పించే ఏజెంట్ల మాట నమ్మొద్దు. విదేశాల్లో పీజీ అయితే తెలంగాణ ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లలకు ఓవర్సీస్ విద్యానిధి ఉంది. ఆదాయం ఐదు లక్షల లోపు, డిగ్రీలో 60 శాతం ఉంటే 20 లక్షల వరకు ఇస్తారు. మేనేజ్‌మెంట్ కోర్సులకూ వర్తిస్తుంది.

ఇవన్నీ తర్వాత. ఈ రోజే మైఆధార్ సైట్‌లోకి వెళ్లి, బ్యాంక్ సీడింగ్ స్టేటస్‌లో ఏ బ్యాంకు పేరు ఉందో చూడండి. మీది కాకపోతే మీ బ్యాంకుకు వెళ్లి ఆధార్ లింకు చేసే సీడింగ్ ఫారం ఇచ్చి, ఆ తర్వాతే దరఖాస్తు నింపండి.