లండన్ నుంచి న్యూయార్క్‌కి దూరం ఎంత? వెళ్లేటప్పుడు ఎక్కువ సేపు, తిరిగొచ్చేటప్పుడు తక్కువ సేపు ఎందుకు?

హీత్రూ నుంచి జేఎఫ్‌కే విమానాశ్రయానికి నేరుగా కొలిస్తే సుమారు 5,550 కిలోమీటర్లు. గంటకు 900 కిలోమీటర్ల చొప్పున లెక్కేస్తే ఆరుంబావు గంటలే రావాలి. కానీ న్యూయార్క్ వెళ్లడానికి ఏడున్నర నుంచి ఎనిమిది గంటలు, తిరిగి రావడానికి ఆరున్నర నుంచి ఏడు గంటలు పడుతుంది.

వెళ్లడానికీ తిరిగి రావడానికీ మధ్య తేడా అంతా గాలిదే. విమానాలు ఎగిరే 10, 11 కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి వీస్తుంది. చలికాలంలో దాని జోరు ఇంకా ఎక్కువ. లండన్ వచ్చే విమానాన్ని అది వెనక నుంచి తోస్తుంది, న్యూయార్క్ వెళ్లేదానికి ఎదురొస్తుంది. 2020 ఫిబ్రవరిలో తుపాను గాలి తోడై బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 విమానం ఒకటి న్యూయార్క్ నుంచి 4 గంటల 56 నిమిషాల్లోనే లండన్ చేరింది. నేల మీద నుంచి కొలిస్తే వేగం గంటకు 1,300 కిలోమీటర్లు దాటింది. అయినా ధ్వని వేగాన్ని దాటినట్టు కాదు, ఎందుకంటే చుట్టూ ఉన్న గాలే దానితో పాటు పరుగెడుతోంది.

భూమి తిరగడం వల్ల కింద ఊరు ఎదురొస్తుందని కొందరు చెబుతుంటారు. అది తప్పు, భూమితో పాటు గాలీ తిరుగుతుంది.

టికెట్ మీద టైమ్ చూసి కంగారు పడకండి. ఉదయం 11కి లండన్‌లో ఎక్కితే మధ్యాహ్నం 2కి న్యూయార్క్ అని ఉంటుంది. మూడు గంటల ప్రయాణం కాదది, మామూలుగా అక్కడి గడియారం అయిదు గంటలు వెనక ఉంటుంది. రన్‌వే కోసం ఆగే సమయం కూడా అందులోనే కలిపి వేస్తారు.