యెరూషలేము ప్రార్థన వేరు, ఇజ్రాయెల్ వీసా వేరు

ప్రశ్న: మాది గుంటూరు జిల్లాలో బెనే ఎఫ్రాయిం యూదు కుటుంబం. మావాడు ఇంటర్ సీఈసీ రెండో సంవత్సరం. పరీక్షలవగానే ఇజ్రాయెల్ వెళ్లిపోతానంటాడు, అదే మన దేశమంటాడు. డిగ్రీ చదివే మా అమ్మాయి గాజా వార్తలు చూశాక ఆ మాటే ఎత్తనివ్వడం లేదు. పిల్లలకు జియోనిజం, అంటే యూదులకు సొంత దేశం కావాలన్న ఉద్యమం, గురించి ఎలా చెప్పాలి? వాణ్ణి ఏం చదివించాలి?

జవాబు: ముందు మీరు చెప్పడం తగ్గించండి. మీవాడి మాటలో మూడు ప్రశ్నలు కలిసిపోయాయి: యెరూషలేము మీద భక్తి, ఇజ్రాయెల్ రాజ్యం మీద అభిప్రాయం, అక్కడ బతుకుతెరువు. వాటిని విడదీయాలి.

ఇందుకు ఇద్దర్నీ కూర్చోబెట్టి ఆరు ఆదివారాలు, వారానికో గంట చాలు. శనివారం వద్దు, షబ్బాతు నాడు రాత పని కుదరదు, ఇక్కడ రాయడమే ముఖ్యం. ఇద్దరికీ చెరో నోటుపుస్తకం ఇవ్వండి. పేజీ మధ్యకు మడిచి ఎడమ పక్క ‘నేను అనుకునేది’, కుడి పక్క ‘ఇది నాకు ఎక్కణ్ణుంచి వచ్చింది’ అని రాయించండి. కుడి పక్క ‘రీల్’, ‘రీల్’, ‘బాబాయి చెప్పాడు’ అని వరసగా పడితే వాళ్లకే విషయం తెలుస్తుంది. మీరు నవ్వకండి, దిద్దకండి.

పస్కా భోజనం చివర ‘వచ్చే ఏడాది యెరూషలేములో’ అంటారు కదా, మొదటి పాఠం అదే. ఆ ఆశ శతాబ్దాల నాటిది. థియోడర్ హెర్జెల్ అనే యూదు పాత్రికేయుడు దాన్ని రాజకీయ ఉద్యమంగా మలిచి 1897లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో మహాసభ పెట్టాడు. అదే ఏడాది విల్నాలో (ఇప్పటి లిథువేనియా రాజధాని విల్నియస్) పుట్టిన బుండ్ అనే యూదు కార్మిక పార్టీ, ఉన్నచోటే హక్కుల కోసం పోరాడాలంది. అహద్ హాఆమ్ అనే రచయిత హీబ్రూ సంస్కృతికి ఒక కేంద్రం ఉండాలన్నదానికే పెద్దపీట వేశాడు. మీ ఇంట్లో వాదన యూదులకు పాతదే. మీ అమ్మాయి దారి తప్పిందని కంగారు పడకండి.

నాలుగో వారం 1948 మే 14 నాటి ఇజ్రాయెల్ స్వాతంత్ర్య ప్రకటన చదివించండి. మత, జాతి, లింగ భేదం లేని సమాన హక్కుల హామీ అందులో ఉంది. అదే గంటలో, ఇజ్రాయెల్ ఏర్పడినప్పటి యుద్ధకాలంలో ఇళ్లు కోల్పోయిన దాదాపు 7 లక్షల పాలస్తీనీయులు దాన్ని ‘నక్బా’ (మహావిపత్తు) అని ఎందుకంటారో కూడా చదవాలి. ఒక్కటే చదివితే ఆ వారం వృథా.

ఫోన్లు పక్క గదిలో పెట్టించండి. ఒకరు గాజా ఫొటో చూపిస్తే ఇంకొకరు 2023 అక్టోబరు 7న ఇజ్రాయెల్ మీద హమాస్ చేసిన దాడి వీడియో తీస్తారు, ఇక వినేవాళ్లుండరు. జవాబిచ్చే ముందు అవతలివాళ్ల మాట తిరిగి చెప్పాలి; ‘అవును, నేనన్నది అదే’ అన్నాకే తన వంతు. డిబేట్ పోటీ పెట్టారో, గెలవడానికి గొంతులే పెరుగుతాయి. చివర్లో ‘ఇంకా తేల్చుకోలేదు’ అని రాసినా మంచిదే.

ఇక బతుకుతెరువు. ఇజ్రాయెల్ ‘లా ఆఫ్ రిటర్న్’ చట్టం కింద పౌరసత్వానికి తాతల తరం వరకు యూదులున్నట్టు రుజువో, గుర్తింపున్న యూదు మతస్వీకారమో కావాలి. ఈశాన్య రాష్ట్రాల బెనే మెనాషే సమాజానికి 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ (మతగురువు) గుర్తింపు వచ్చింది. అయినా వాళ్లూ మతస్వీకారం పూర్తి చేయాల్సిందే. మీ సమాజానికి అలాంటి గుర్తింపు లేదు. ఈ సంగతి దాచకండి. వీసా కౌంటర్లో తెలిస్తే గుండె పగులుతుంది, ఇంట్లో తెలిస్తే తట్టుకుంటాడు. పౌరసత్వమే దొరికినా భారత పాస్‌పోర్టు వదులుకోవాలి, అతని వయసుకు సైనిక సేవ కూడా ఉంటుంది.

నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచి ఇజ్రాయెల్‌కు కేర్‌గివర్లుగా (ముసలివాళ్లను చూసుకునే పనికి) వెళ్లినవాళ్లున్నారు. అది ఉద్యోగ వీసా, మామూలుగా 63 నెలల పరిమితి. దాంతో పౌరసత్వం వస్తుందని ఏజెంటు డబ్బడిగితే లేచి వచ్చేయండి.

సీఈసీ కాబట్టి బీఏలో చరిత్ర, పొలిటికల్ సైన్స్ బాగా నప్పుతాయి; సెంట్రల్ యూనివర్సిటీలకు సీయూఈటీ ప్రవేశ పరీక్ష రాయించండి. ఆపైన జేఎన్‌యూ, జామియా మిలియా, అలీగఢ్‌లలో పశ్చిమాసియా అధ్యయనాలున్నాయి. హీబ్రూ డుయోలింగో యాప్‌లో ఉచితం, రోజుకు 20 నిమిషాలు చాలు. 22 అక్షరాలు మాత్రం చేత్తో రాసి నేర్చుకోవాలి. డిగ్రీ అయ్యాక విద్యార్థి వీసా మీద వెళ్లాలంటే యూదుడినని నిరూపించుకోనక్కర్లేదు, సీటు, ఫీజు డబ్బు చూపించాలి.

ఆదివారాల పని మాత్రం ఇంటర్ పరీక్షలు అయ్యాకే మొదలెట్టండి.