రాత్రి డ్యూటీ, చేతి వణుకు, ఊపిరి: పాఠకుల ప్రశ్నలకు డాక్టరు గారి జవాబులు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారములు. నేను గుంటూరులో హౌస్ సర్జన్‌గా పనిచేస్తున్నాను. రాత్రి పూట క్యాజువాలిటీలో కాన్యులా (సెలైను ఎక్కించడానికి రక్తనాళంలో గుచ్చే సన్నని గొట్టం) పెట్టవలసి వచ్చినప్పుడు, పక్కన పీజీలు (పీజీ చదువుతున్న డాక్టర్లు), చుట్టూ రోగి బంధువులు నిలబడి చూస్తుంటే నా చేతులు వణుకుతున్నాయి. ‘గట్టిగా ఊపిరి పీల్చుకో, అదే సర్దుకుంటుంది’ అని సీనియర్ ఒకరు చెప్పారు. అలా పది పన్నెండు సార్లు పీల్చేసరికి తల తిరిగి, పెదవుల చుట్టూ, వేళ్ల కొనల్లో తిమ్మిరి పట్టింది. ఇటువంటి శ్వాస పద్ధతులు నాకు సరిపడవా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: సరిపడతాయమ్మా, మీరు చేసిన తీరులోనే పొరపాటు ఉంది, అది కూడా మీకు చెప్పినవారి పొరపాటు. భయపడిన మనిషి అప్పటికే అవసరానికి మించి గాలి పీలుస్తూ ఉంటాడు. దాని మీద ఇంకా గట్టిగా పీల్చడం వల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. అది పడిపోగానే మెదడులోని రక్తనాళాలు సన్నబడి తల తిరుగుతుంది. రక్తం క్షార గుణం వైపు జరగడంతో అయాన్ల రూపంలో ఉండే కాల్షియం తగ్గి, పెదవులు, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. మొదటి సంవత్సరం ఫిజియాలజీ పరీక్షలో మీరు రాసి వచ్చిన జవాబే ఇది. తన ఒంటి మీదికి వచ్చినప్పుడు మాత్రం పాఠం గుర్తుకు రాదు. మా రోజుల్లో మాకూ రాలేదు.

మీకు కావలసిన మేలు గాలి వదలడంలో ఉంది. ఇప్పుడే మణికట్టు దగ్గర నాడి పట్టుకుని నెమ్మదిగా పీల్చి, నెమ్మదిగా వదిలి చూడండి. పీల్చేటప్పుడు నాడి కొద్దిగా వేగం పుంజుకోవడం, వదిలేటప్పుడు నిదానించడం మీ వయసువారిలో చాలామందికి వేలి కిందనే తెలుస్తుంది. వదిలే సమయంలో, గుండె వేగాన్ని తగ్గించే వేగస్ నరం గుండెను ఎక్కువగా పట్టి ఉంచుతుంది కాబట్టి, ఆ సమయాన్ని పొడిగించిన కొద్దీ గుండెకు నిదానించే వ్యవధి దొరుకుతుంది. ఈసీజీలో సైనస్ అరిథ్మియా అని మీరు చూసి, ‘నార్మల్’ అని రాసి పక్కన పెట్టేది ఇదే.

పద్ధతి చిన్నది. ఛాతీ ఎగరకుండా పొట్ట కదిలేలా, మామూలుకంటే కొద్దిగా మాత్రమే ఎక్కువ గాలిని ముక్కుతో 4 లెక్కపెట్టేంత సేపు తీసుకుని, వేడి పాలను ఊదినంత మెల్లగా 6 లెక్కపెట్టేంత సేపు వదలాలి. అంకెకు ఒక సెకను చొప్పున శ్వాసకు 10 సెకన్లు పడుతుంది, అంటే నిమిషానికి 6 శ్వాసలు. ఊరికే కూర్చున్న పెద్దవారు నిమిషానికి 12 నుంచి 20 సార్లు శ్వాసిస్తారు కనుక, మొదట్లో ఇది చాలా నిదానంగా తోచి ఊపిరి చాలనట్టు అనిపించవచ్చు. అప్పుడు 3, 4 లెక్కతో మొదలుపెట్టి క్రమంగా పెంచుకోండి. ఊపిరి బిగబట్టవలసిన పని లేదు. నాలుగేసి అంకెల చొప్పున పీల్చి, నిలిపి, వదిలి, మళ్లీ నిలిపే ‘బాక్స్’ పద్ధతి చాలామందికి నచ్చుతుంది గానీ, ఆందోళనలో ఉన్నవారికి ఊపిరి బిగించడం ఒక్కోసారి ఉక్కిరిబిక్కిరిగా ఉంటుందని నా అభిప్రాయం.

క్యాజువాలిటీలో దీనికి సమయం ఎక్కడిదని మీరు అడగవచ్చు. సబ్బుతో చేతులు కడుక్కోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన వ్యవధి 40 నుంచి 60 సెకన్లు. అంటే నాలుగు నుంచి ఆరు శ్వాసలు. చేతులకు శానిటైజరు రాసుకునే 20, 30 సెకన్లలోనైతే రెండు మూడు. కుళాయి దగ్గర మీరు ఏమి చేస్తున్నారో ఎవరికీ తెలియదు. భ్రామరి ప్రాణాయామం కూడా మంచిదే, కానీ వార్డులో తుమ్మెదలా ఝుంకారం చేస్తే పీజీలు మీకే కేస్ షీట్ తెరుస్తారు.

అయితే ఆ నాలుగు శ్వాసలు అక్కరకు రావాలంటే, భయం లేని వేళ అభ్యాసం జరిగి ఉండాలి. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ప్రచురించిన ఒక అధ్యయనంలో, రోజుకు 5 నిమిషాల చొప్పున నెలపాటు, నిట్టూర్పులాగా నిశ్వాసాన్ని పొడిగించే పద్ధతి పాటించినవారి మనఃస్థితి, ధ్యానం చేసినవారికంటే ఎక్కువగా మెరుగుపడింది. అది వైద్య విద్యార్థుల కోసం ప్రత్యేకించి చేసినది కాదు, అయినా రోజుకు 5 నిమిషాలు మీకు భారం కాదు. తెల్లవారుజామున హాస్టల్ డాబా మీద చేయండి. మిర్చి సీజనులో యార్డు వైపు నుంచి గాలి వీచే పూట మాత్రం గదిలోనే కూర్చోండి, దగ్గుతో సాధన సాగదు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ముప్పై గంటలు నిద్ర లేకుండా నిలబడిన మనిషి చేతి వణుకుకు ఊపిరి మందు కాదు, నిద్రే మందు. వారానికి 74 గంటలకు మించి డ్యూటీ ఉండరాదని, వారానికి ఒక రోజు సెలవు ఉండాలని వైద్య విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై ఏర్పడిన జాతీయ టాస్క్ ఫోర్స్ 2024లో సిఫారసు చేసింది. డ్యూటీ లిస్టు వేసేవారితో మాట్లాడవలసి వచ్చినప్పుడు ఈ విషయం ప్రస్తావించడానికి మొహమాటపడకండి. నిద్ర పట్టకపోవడం, ఏడుపు రావడం, బతుకు మీద విరక్తి కలగడం వంటివి ఉంటే శ్వాస సాధనతో కాలక్షేపం చేయకుండా మానసిక వైద్యులను కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ప్రశ్న: మా అబ్బాయి ఎం.బి.బి.ఎస్. మొదటి సంవత్సరం. వైవా (మౌఖిక పరీక్ష) అంటే హడలిపోతాడు. లోపలికి వెళ్లేముందు కపాలభాతి చేస్తే ధైర్యం వస్తుందని మాకు తెలిసిన ఒకరు చెప్పారు. చేయించవచ్చా?
– ఒక తండ్రి, విజయవాడ

జవాబు: ఆ సమయంలో వద్దండి. కపాలభాతి వేగంగా గాలిని బయటికి కొట్టే క్రియ. మత్తుగా ఉన్నవాడిని చురుకు చేయడానికి పనికి రావచ్చు గానీ, అప్పటికే గుండె దడదడలాడుతున్న పిల్లవాడికి దాన్ని జోడించడం సరికాదు. మూర్ఛ, అధిక రక్తపోటు ఉన్నవారు ఎప్పుడైనా సరే వైద్యుని అడగకుండా దాని జోలికి పోకూడదు. మీ అబ్బాయి పైన చెప్పిన 4, 6 లెక్కనే ఇప్పటి నుంచి రోజూ చేయాలి. పరీక్షకుడు ప్రశ్న అడిగిన వెంటనే నోరు తెరవకుండా, ముందు ఒక్కసారి మెల్లగా గాలి వదిలి, మళ్లీ తీసుకుని అప్పుడు జవాబు మొదలుపెట్టమనండి. మాట పలికేది బయటికి వెళ్లే గాలి మీదే కాబట్టి, నిండా పీల్చి బిగబట్టినవాడి గొంతు వణుకుతుంది. ఇంట్లో భోజనాల దగ్గర మీరే పరీక్షకులుగా కూర్చుని, ఎముకల పేర్లు పది అడిగి ఇలా అలవాటు చేయించండి. మీకు జవాబులు తెలియకపోయినా పుస్తకం చేతిలో ఉంటే చాలు.