టెక్ సందేహాలు: చిరునామా మార్పుకు డబ్బు కట్టించుకున్న సైట్

ప్రశ్న: హెచ్‌-1బీ వీసాపై అమెరికాలో ఉంటున్నాను. ప్రాజెక్టుల కారణంగా ఏడాదిన్నరలో మూడు ఊళ్లు మారాను. ఈసారి ఇమిగ్రేషన్ వారికి కొత్త చిరునామా తెలియజేయాలని ఫోన్‌లో వెతికి, మొదట కనిపించిన సైట్‌లో మా వివరాలన్నీ నింపి, కార్డుతో 40 డాలర్లు కట్టాను. రెండు వారాలైనా రసీదు రాలేదు. ఇప్పుడేం చేయాలి?

జవాబు: డబ్బు కట్టించుకున్నారంటేనే అది ప్రభుత్వ సైట్ కాదని అర్థం. చిరునామా మార్పు తెలిపే ఏఆర్-11 ఫారానికి అమెరికా ప్రభుత్వ ఇమిగ్రేషన్ సంస్థ యూఎస్‌సీఐఎస్ ఎటువంటి రుసుమూ తీసుకోదు. ఇదే ఫిర్యాదు ఊళ్ల పేర్లు మాత్రమే మారుతూ పదేపదే వస్తోంది కనుక కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా, వెబ్ చిరునామా చివర డాట్ జీఓవీ (.gov) ఉన్న అసలు సైట్‌లో ఈ రోజే మార్పు నమోదు చేయండి. ఇల్లు మారిన 10 రోజుల్లోగా తెలియజేయాలన్నది చట్టం. తెలపకపోతే జరిమానా, 30 రోజుల వరకు జైలు, దేశం నుంచి పంపించివేసే అవకాశం కూడా అందులో ఉన్నాయి. అయితే కావాలని దాచలేదని, లేదా తగిన కారణం వల్లే ఆలస్యమైందని చూపగలిగితే పంపించివేత నుంచి మినహాయింపు ఉంది కాబట్టి, ఆ 40 డాలర్ల చెల్లింపు వివరాలను, సైట్ స్క్రీన్‌షాట్లను తొలగించకండి. పోస్టాఫీసులో చిరునామా మార్చుకున్నంత మాత్రాన యూఎస్‌సీఐఎస్‌కు తెలిపినట్లు కాదు.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది పోయిన డబ్బు కాదు. బ్యాంకుకు ఫిర్యాదు చేసి కార్డు మార్పించుకోవచ్చు. కానీ మీ పుట్టిన తేదీని మార్చుకోలేరు, పాస్‌పోర్టు నంబరును అంత తేలిగ్గా మార్చుకోలేరు. రేపు ఎవరో ఇమిగ్రేషన్ అధికారినంటూ ఫోన్ చేసి, మీ పాత ఇల్లు, కొత్త ఇల్లు, అమెరికాలోకి మీ రాకను నమోదు చేసే ఐ-94 నంబరు వరుసగా చదివి వినిపిస్తే, నమ్మకుండా ఉండటం ఎంత కష్టమో ఆలోచించండి. ఫోన్ తెరపై ప్రభుత్వ నంబరే కనిపించేలా చేయడం మోసగాళ్లకు పెద్ద పనేమీ కాదు. అలాంటి ఫోన్ వస్తే పెట్టేసి, యూఎస్‌సీఐఎస్ సైట్‌లోని మీ ఖాతాలోకి మీరే వెళ్లి చూసుకోండి. మీ పేరుతో వేరెవరూ అప్పు తీసుకోకుండా, అప్పుల చరిత్రను నమోదు చేసే మూడు క్రెడిట్ బ్యూరోల వద్దా క్రెడిట్ ఫ్రీజ్ పెట్టించండి. 2018 నుంచి అది ఉచితమే.

తప్పు మీ ఒక్కరిదే అనను. ప్రకటనకు, అసలు ఫలితానికి మధ్య తేడాను కంటికి ఆనని అక్షరాల్లో చూపే వెతుకుడు పేజీలు, సైట్ చిరునామాను సగానికి కత్తిరించే ఫోన్ బ్రౌజర్లు ఈ మోసానికి దారి వేస్తున్నాయి. ఇక ఆటోఫిల్ సంగతి చెప్పనక్కర్లేదు. కొత్త వీధి పేరు మీరు టైపు చేస్తుండగానే, కింది గడిలో పాత అపార్ట్‌మెంట్ నంబరును అది నింపేస్తుంది. తెర కిందికి జరిపి చూడకపోతే తప్పుడు చిరునామాయే నమోదవుతుంది. ప్రభుత్వ ఫారాలు నింపేటప్పుడు దాన్ని ఆపివేయండి, వీలైతే కంప్యూటర్‌లోనే నింపండి.

పెండింగ్ దరఖాస్తులుంటే వాటి రసీదు నంబర్లు దగ్గర పెట్టుకోండి, వాటిలోనూ చిరునామా మారాలి. మీ భార్యాపిల్లలకు విడివిడిగా నమోదు చేయాలి. పని చేసే చోటు వేరే మహానగర ప్రాంతానికి మారితే, మీ వీసా కోసం వేసిన హెచ్‌-1బీ పిటిషన్‌ను కంపెనీ సవరించాల్సి రావచ్చు. అది ఏఆర్-11తో తీరదు, కంపెనీ న్యాయవాదిని అడగండి. నమోదు పూర్తయ్యాక వచ్చే నిర్ధారణను పీడీఎఫ్‌గా దాచి, ఒక ప్రతిని ఫోన్‌లో కాకుండా వేరే చోట ఉంచండి.